లోగో ఇస్తారు, జీతం ఇవ్వరు

టీవీ న్యూస్‌రూముల్లో అన్ని వర్గాల వారూ ఉన్నారా అన్న ప్రశ్న మన దగ్గర ఎప్పుడు లేచినా, చర్చ యాంకర్ కుర్చీ దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. తెర మీద కనిపించే మనిషి రంగేమిటి, ఇంటిపేరేమిటి అని ఆరా తీసి, ఒకరిద్దరు కనిపిస్తే సంతోషించి, కనిపించకపోతే నిట్టూర్చి ఊరుకుంటాం. ఒంగోలులో కొన్నేళ్లు ఒక వార్తా ఛానెల్‌కు స్ట్రింగర్‌గా, అంటే నెలజీతం లేకుండా వార్తకు ఇంత అన్న లెక్కన విలేకరిగా, పనిచేసి, ఆ తర్వాత నెల్లూరులో జర్నలిజం చదివే పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న నాకు, అసలు ఏరివేత ఆ కుర్చీకి చాలా మెట్ల కిందే జరిగిపోతోందని గట్టి నమ్మకం. జిల్లాలో మైకు మొదట ఎవరి చేతికి వస్తుంది, పట్టుకున్నవాడికి నెలాఖరున ఏం ముడుతుంది, అక్కడినుంచి పైకి వెళ్లే దారి ఒకటి ఉందా లేదా అన్నవి వదిలేసి తెర మీది ముఖాలను లెక్కపెట్టుకుంటూ పోతే ఎన్నేళ్లయినా లెక్క మారదు.

మన జర్నలిస్టుల ముందు ఈ ప్రశ్నను సూటిగా పెట్టింది ఒక నల్లజాతి అమెరికన్. 1996లో వాషింగ్టన్ పోస్ట్ ఢిల్లీ ప్రతినిధిగా ఉన్న కెన్నెత్ కూపర్, ఒక వార్త గురించి మాట్లాడటానికి దళిత జర్నలిస్టు ఎవరైనా తెలుసా అని సీనియర్ పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్‌ను అడిగారు. ముప్పై ఏళ్ల వృత్తిజీవితంలో తనకు ఒక్క దళిత జర్నలిస్టు కూడా తారసపడలేదని ఉనియాల్‌కు అప్పుడే స్ఫురించింది. ఆయన కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన 686 మంది విలేకరుల జాబితా తీసుకుని వెతికితే, కులాన్ని సూచించే ఇంటిపేర్లున్న 454 మందిలో దళితులెవరూ లేరు. మిగిలినవారిలో 47 మందికి ఫోన్ చేసి అడిగినా ఒక్కరూ దొరకలేదు. ఆ సంగతి ఆయన పయనీర్ పత్రికలో రాశారు. పదేళ్ల తర్వాత, 2006లో, అనిల్ చమాడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లీషు మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని పరిశీలిస్తే, వారిలో ఎస్సీగానీ ఎస్టీగానీ ఒక్కరూ లేరు. బీసీలు నాలుగు శాతం. 2019లో స్వచ్ఛంద సంస్థ ఆక్స్‌ఫామ్ ఇండియా, వార్తా వెబ్‌సైట్ న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో పత్రికలు, ఛానెళ్లు, వెబ్‌సైట్లలోని 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రవర్ణాల చేతుల్లోనే ఉన్నాయని, ఎస్సీ ఎస్టీలకు ఒక్కటీ దక్కలేదని తేలింది.

ఇవి హిందీ, ఇంగ్లీషు సంస్థల లెక్కలు కదా, మన తెలుగు ఛానెళ్లు అలా ఉండవని ఎవరైనా అంటే, వాటి యాజమాన్యాలు ఏ రెండు మూడు కులాల చేతుల్లో ఉన్నాయో ఒకసారి గుర్తు చేసుకోమంటాను. దానికి అధ్యయనాలు అక్కర్లేదు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఎవరైనా ఛానెల్ పేరు చెబితే కులం పేరూ, పార్టీ పేరూ గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తారు.

కూపర్‌కు ఆ ప్రశ్న తట్టిందంటే, ఆయన దేశంలో అప్పటికే అది ముప్పై ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న. 1967 వేసవిలో నెవార్క్, డెట్రాయిట్ నగరాలు అల్లర్లతో తగలబడ్డాక అధ్యక్షుడు జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్, మరుసటి ఏడాది ఇచ్చిన నివేదికలో వార్తా మాధ్యమాలకు ఒక అధ్యాయమే కేటాయించింది. దేశం మొత్తం మీద వార్తలు రాసి, దిద్దే ఉద్యోగాల్లో నల్లజాతివారు ఐదు శాతం లోపే ఉన్నారనీ, ఎడిటర్లు, పర్యవేక్షకుల్లో ఒక శాతం కూడా లేరనీ, ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది నల్లజాతివారు పెట్టుకున్న సొంత సంస్థల్లోనే ఉన్నారనీ అందులో తేల్చి చెప్పారు. తెల్లవాళ్ల కళ్లతో మాత్రమే దేశాన్ని చూసే న్యూస్‌రూములు రేపు తగలబడబోయే వీధిని ఈరోజు చూడలేవన్నది దాని సారాంశం.

మాక్స్ రాబిన్సన్ సంగతి మా విద్యార్థులకు ప్రతి ఏడాదీ చెబుతుంటాను. 1959లో వర్జీనియా రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్‌లో ఒక చిన్న స్టేషన్ ఆయనను వార్తలు చదవడానికి తీసుకుంది. కాకపోతే తెర మీద స్టేషన్ బొమ్మ మాత్రమే ఉండాలి, ఆయన గొంతు దాని వెనకనుంచి వినిపించాలి. ఒకరోజు ఆయన ఆ బొమ్మ తీయించి ముఖం చూపించుకుంటే మరునాడే ఉద్యోగం పోయింది. అదే మనిషి 1978లో ఏబీసీ సాయంకాలం వార్తలకు ముగ్గురు యాంకర్లలో ఒకరయ్యారు. అమెరికా జాతీయ నెట్‌వర్క్ వార్తల్లో ఆ స్థానానికి చేరిన తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. పిల్లలు ఇక్కడ చప్పట్లు కొడతారు. కానీ అంత ఎత్తుకు చేరాక కూడా తన మాట న్యూస్‌రూములో చెల్లడం లేదని ఆయన 1981లో ఒక కళాశాల సభలో బహిరంగంగానే నెట్‌వర్కులను తప్పుపట్టవలసి వచ్చింది. ముఖం తెర మీదికి వచ్చింది సరే, ఏ వార్త ముందు, ఏది వెనక అని నిర్ణయించే గదిలోకి అధికారం దాంతోపాటు రాలేదు. ఆ రెండింటి మధ్య దూరం అర్థం కానివాడు ఈ విషయం మీద ఎంత ఆవేశంగా మాట్లాడినా ప్రయోజనం తక్కువ.

అమెరికాలో ఆ మాత్రం కదలిక రావడానికి యజమానుల మనసు మారడమే కారణమని అనుకుంటే పొరపాటు. మిసిసిపి రాష్ట్రంలో జాక్సన్ అనే ఊరుంది. అక్కడి డబ్ల్యూఎల్‌బీటీ స్టేషన్ పరిధిలో ఇంచుమించు 45 శాతం జనం నల్లజాతివారే అయినా, వాళ్ల గొంతు వినబడకుండా చూడటమే ఆ స్టేషన్ పనిగా పెట్టుకుంది. నెట్‌వర్క్ నుంచి వచ్చే కార్యక్రమంలో నల్లజాతి న్యాయవాది థర్‌గుడ్ మార్షల్ కనిపించగానే, కేబుల్ అంతరాయానికి చింతిస్తున్నామంటూ బోర్డు పెట్టేసింది. (ఎన్నికల సమయంలో కొన్ని ఛానెళ్లు సరిగ్గా ఊరి కేబుల్లోనే మాయమైపోవడం చూసిన మనకు ఈ విద్య కొత్తేమీ కాదు.) యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే క్రైస్తవ సంస్థ అండతో అక్కడి ప్రేక్షకులు 1964లో లైసెన్సు పునరుద్ధరణను సవాలు చేశారు. ప్రేక్షకుడికి ఇలాంటి విషయంలో వాదించే హక్కు ఉందని 1966లో అప్పీలు కోర్టు చెప్పింది. 1969లో అదే కోర్టు లైసెన్సు చెల్లదంది. ఆ తర్వాత స్టేషన్ కొత్త నిర్వాహకుల చేతికి వచ్చి, 1972లో విలియం డిల్డే అనే నల్లజాతి వ్యక్తి దానికి జనరల్ మేనేజర్ అయ్యారు.

నేను పట్టుకు వేలాడేది ఈ ఘటనలోని ఒక్క అంశాన్నే. అక్కడ టీవీ లైసెన్సు ఊరికి సంబంధించినది. ఆ ఊరి ప్రజలకు సేవ చేస్తానని మాట ఇచ్చి స్టేషన్ తరంగాలను వాడుకుంటుంది కాబట్టి, మాట తప్పితే నిలదీసే పట్టు ఆ ఊరివాళ్లకు ఉంటుంది. సిబ్బంది నియామకాల్లో సమాన అవకాశాల నిబంధనలు 1969 నుంచి వచ్చాయి. 1998లో మరో కోర్టు తీర్పుతో అవి బాగా బలహీనపడ్డాయి కూడా. అయినా ఒక తరం లోపలికి అడుగుపెట్టడానికి ఆ సందు సరిపోయింది.

మన శాటిలైట్ ఛానెల్‌కు అనుమతి ఢిల్లీలో సమాచార ప్రసార శాఖ ఇస్తుంది. అది దేశమంతటికీ చెల్లుతుంది. కావలికిగానీ కనిగిరికిగానీ ఆ ఛానెల్ ఏ మాటా ఇచ్చి ఉండదు. ఆ అనుమతికి షరతులు లేకపోలేదు. వార్తా ఛానెల్‌లో విదేశీ పెట్టుబడి 49 శాతం దాటకూడదు. 2022 నాటి మార్గదర్శకాల ప్రకారం రోజుకు అరగంట జాతీయ ప్రాధాన్యం గల విషయాల మీద ప్రసారం చేయాలి, ఆ విషయాల జాబితాలో బలహీన వర్గాల సంక్షేమం కూడా ఉంది. ఆ అరగంటలో బలహీన వర్గాల గురించి కూడా చూపించవచ్చన్న ప్రభుత్వం, ఆ వర్గాల నుంచి ఎంతమందికి ఉద్యోగం ఇచ్చావని మాత్రం అడగదు. దూరదర్శన్ ప్రభుత్వ సంస్థ కనుక పర్మినెంటు పోస్టుల్లో రిజర్వేషన్ ఉంది; ప్రైవేటు ఛానెల్‌కు అలాంటి బాధ్యత ఏమీ లేదు.

లైసెన్సు ఊరిది కావడం వల్ల అక్కడ మరొకటి కూడా జరిగింది. అమెరికాను టీవీ వాళ్లు 210 మార్కెట్లుగా లెక్కవేస్తారు. చిన్న మార్కెట్లలో కూడా చాలా స్టేషన్లకు సొంత న్యూస్‌రూము, సొంత యాంకర్లు, సొంత బులెటిన్ ఉంటాయి. కొత్తగా చదువు ముగించిన పిల్ల అక్కడ తక్కువ జీతానికి చేరి, రెండు మూడేళ్లు పనిచేసి, తన పని నమూనాలు చూపించి ఇంకాస్త పెద్ద ఊరికి, అక్కడినుంచి మహానగరానికి వెళ్లగలదు. ఆ నిచ్చెనలోనూ వివక్ష ఉంది, తొలి జీతాలు దారుణం కూడా. అయినా నిచ్చెన అంటూ ఒకటుంది. మన దగ్గర నెల్లూరులో ఉద్యోగం చేసి హైదరాబాదు స్టూడియోకు చేరడమనే దారి దాదాపు లేదు. స్టూడియోకు కావలసినవాళ్లను హైదరాబాదులోనే తీసుకుంటారు, జిల్లా స్ట్రింగర్ జిల్లాలోనే ముసలివాడవుతాడు. బులెటిన్ అక్కడ తయారవుతుంది, దానికి ముడిసరుకు ఇక్కడినుంచి వెళుతుంది.

ఆ ముడిసరుకు మోసేవాడి బతుకు బయటివాళ్లకు పెద్దగా తెలియదు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. స్ట్రింగర్‌కు నియామక పత్రం ఉండదు. ఐడీ కార్డు, మైకుకు తగిలించే లోగో ఇస్తారు. కొన్నిచోట్ల వాటికి డిపాజిట్ కూడా కట్టించుకుంటారు. వార్తకు ఇంత అని లెక్క, అదీ ప్రసారమైతేనే. పొద్దున్నే పొదిలి వెళ్లి రోడ్డు ప్రమాదం తీసి, మధ్యాహ్నం ఒంగోలు కలెక్టరేట్ ముందు ధర్నా తీసి, రెండూ పంపాక ఆరోజు రాజధానిలో ఏదో పెద్ద వార్త పడితే ఈ రెండూ స్క్రోలింగ్‌లో ఒక ముక్కగా కూడా రావు. పెట్రోలు, కెమెరా, డేటా, అతని పూట ఖర్చు అన్నీ అతని జేబులోంచే. ఆ పైసలు కూడా నెలల తరబడి ఆగిపోవడం నాకు అనుభవమే.

ఇక రెండో లెక్క యాడ్స్. సంక్రాంతికి, ఉగాదికి, ఆగస్టు పదిహేనుకు, ఛానెల్ వార్షికోత్సవానికి, నాయకుల పుట్టినరోజులకు ఇంత తీసుకురావాలని టార్గెట్ పెడతారు. తెచ్చినదాంట్లో కమిషన్ ఉంటుంది, స్ట్రింగర్ ఇల్లు నడిచేది ఎక్కువగా దాని మీదే. మా జిల్లాల్లో యాడ్ ఇవ్వగలిగింది ఎవరు? చీమకుర్తి గ్రానైట్ క్వారీ యజమానులు, తీరం వెంబడి రొయ్యల వ్యాపారులు, ప్రైవేటు కళాశాలలు, ఆసుపత్రులు, రియల్ ఎస్టేట్ వెంచర్ల వాళ్లు, కాంట్రాక్టర్లు. వీళ్ల ఇంటికి వెళ్లి "మామా, ఈసారి కొంచెం పెద్ద యాడ్ ఇవ్వాల" అని చనువుగా అడగగలిగిన కుర్రాడు ఒక తీరు, గుమ్మం బయట నిలబడి "సార్" అంటూ చెప్పులు విప్పేవాడు ఇంకో తీరు. మొదటివాడికి యాడ్ వస్తుంది. రెండోవాడికి "తర్వాత చూద్దాంలే" వస్తుంది. ఛానెల్ ఎవరి కులమూ అడగలేదు, ఎవరినీ పొమ్మనలేదు. సంవత్సరం తిరిగేసరికి ఎవరు మిగలాలో వాళ్లే మిగిలారు.

మొదటి సంవత్సరాలు జీతం లేకుండా గడపాలంటే ఇంట్లో ఇంకో ఆదాయం ఉండాలి: నాలుగెకరాల మాగాణో, అన్న నడిపే ఎరువుల దుకాణమో, భార్య టీచరు ఉద్యోగమో. 2011 జనగణన ప్రకారం నెల్లూరు జిల్లాలో ఎస్సీలు సుమారు 22 శాతం, ఎస్టీలు దాదాపు 10 శాతం. ప్రకాశంలో ఎస్సీలే 23 శాతం, ఎస్టీలను కలిపితే పావు వంతు దాటుతుంది. అంటే నెల్లూరులో ప్రతి ముగ్గురిలో ఒకరు, ప్రకాశంలో నలుగురిలో ఒకరికి పైగా ఈ వర్గాలవారే. ఇన్ని కుటుంబాల్లో రెండేళ్లు ఉత్తచేతులతో పనిచేసే కొడుకును, అందులోనూ కూతురిని, పోషించగలిగినవి ఎన్ని ఉంటాయో ఆలోచించండి. నెల్లూరు జిల్లా ఎస్టీల్లో అత్యధికులైన యానాదుల నుంచి వచ్చిన టీవీ విలేకరిని నేను పనిచేసిన కాలమంతటిలో చూడలేదు.

కందుకూరు వైపునుంచి వచ్చిన ఒక దళిత కుర్రాడు మాతోపాటు ఉండేవాడు. అతను తీసిన షాట్లు కోయడానికి మనసొప్పేది కాదు. మనిషి ముఖం మీద కెమెరా ఎంతసేపు నిలపాలో చెప్పకుండానే తెలిసినవాడు. అతని పల్లెకు పక్క ఊళ్లో ఒక గొడవ జరిగి ఎస్సీ కాలనీ వాళ్లకు దెబ్బలు తగిలినప్పుడు అందరికన్నా ముందు అక్కడికి చేరి, ఆసుపత్రిలో ఉన్నవాళ్ల మాటలు రికార్డు చేసి పంపాడు. జిల్లాల వార్తలు అందుకునే ఇన్‌పుట్ డెస్కు నుంచి, బైట్ (కెమెరా ముందు చెప్పిన మాట) గురించి ఫోను: "అన్నా, డీఎస్పీ బైట్ పంపు ముందు, వాళ్లది తర్వాత చూద్దాం. అయినా నీకు వాళ్లు తెలిసినవాళ్లు కదా, కొంచెం జాగ్రత్త." ఆ ఊరి పెద్దల బంధువు తీసుకొచ్చే వార్తల గురించి అదే డెస్కు ఎన్నడూ జాగ్రత్త చెప్పగా నేను వినలేదు. ఒకడి బంధుత్వం వార్తకు మూలం, ఇంకొకడి బంధుత్వం పక్షపాతం. ఆ కుర్రాడు తర్వాత పెళ్లిళ్లకు వీడియోలు తీసే పనిలోకి వెళ్లాడు. అందులో కనీసం అడ్వాన్సు ఇస్తారు.

ఇలా మిగిలినవాళ్లు చెడ్డవాళ్లని నా ఉద్దేశం కాదు. వాళ్లలో నాకు మంచి మిత్రులున్నారు, ధైర్యవంతులూ ఉన్నారు. అయితే మనిషికి ఎవరు పరిచయమో వారి మాటే ముందు వినబడుతుంది. కొండపి, టంగుటూరు పొగాకు వేలం కేంద్రాల్లో ధర పడిపోయి వేలం ఆగిపోతే మా వాళ్లు అరగంటలో రైతు బైట్ పంపుతారు, అది పంపవలసిందే. అదే పొగాకును రోజంతా ఆ ఘాటులో కూర్చుని గ్రేడింగ్ చేసే ఆడవాళ్లకు ఆ వారం కూలి ఏమైందన్న ప్రశ్న ఏ వార్తా కథనంలోనూ రాదు. అడగకూడదని ఎవరూ అనుకోలేదు, అడగాలని తోచే మనిషి అక్కడ లేడు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ లైవ్ ప్రసారం చేసే ఓబీ వ్యాన్లు వరుస కడతాయి. ఆ కేంద్రం కోసం దీవి విడిచి వెళ్లిన యానాది కుటుంబాలు ఇప్పుడు ఎక్కడ, ఎలా ఉన్నాయన్నది ఎన్నడూ లైవ్‌కు ఎక్కదు.

ప్రతిభ మాట తీసుకొచ్చేవాళ్లు ఉంటారు. ప్రతిభ ఉన్నవాడు ఎలాగైనా పైకి వస్తాడంటారు, ఉచ్చారణ సరిగా లేనివాణ్ణి తెర మీద కూర్చోబెట్టలేం కదా అంటారు. ఉచ్చారణ సంగతి ఇరవై ఏళ్ల కిందట నేనూ నమ్మేవాణ్ణేమో గానీ, 2012లో మొదలైన వీ6 ఛానెల్ తీన్మార్ వార్తల్లో తెలంగాణ మాటనే వార్తల భాషగా నిలబెట్టినప్పుడు ఆ వాదన కాస్తా కూలింది. అంతకుముందు నవ్వించడానికి మాత్రమే పనికొచ్చిన మాట, ఆ తర్వాత ఎంతోమందికి ఉద్యోగమైంది. దాని వెనక ఒక ఉద్యమం ఉంది, మార్కెట్ ఉంది. నెల్లూరు, ఒంగోలు మాటకు ఆ రెండూ లేవు కనుక, మా పిల్లలు "ఎట్టా", "యాడ" అన్నవి నోట్లోనే మింగేయడం నేర్చుకుని హైదరాబాదు ఆడిషన్లకు వెళుతున్నారు. అక్కడ ప్రతిభకు పరీక్ష పెట్టామంటే నేను ఒప్పుకుంటాను. పెట్టనే లేదు కదా. జిల్లా స్ట్రింగర్ పోస్టుకు ప్రకటన ఎవరైనా చూశారా? పాతవాడు చెప్పిన కొత్తవాడు వస్తాడు, లేదా స్థానిక నాయకుడు చెప్పినవాడు వస్తాడు. పత్రికలు నడిపిన జర్నలిజం స్కూళ్లలో రాతపరీక్ష, స్టైపెండ్ ఉండేవి, ఆ దారిలో పల్లెల నుంచి, పేద ఇళ్ల నుంచి ఎందరో డెస్కుల్లోకి వచ్చారు. పరీక్ష, తిండికి సరిపడే స్టైపెండ్ అన్న ఆ రెండూ తీసేసి ప్రతిభ గురించి మాట్లాడటం నాకు సబబుగా తోచదు.

ఇప్పుడు యూట్యూబ్ ఉంది కదా అన్నది ఇంకొక మాట. ఉంది, దాని మేలు దానికుంది. కాలనీల్లోంచే కెమెరా పట్టినవాళ్లు వచ్చారు, వాళ్లు తీసిన వీడియో జనంలోకి వెళ్లాక ఛానెళ్లు వెనక పరుగెత్తిన సందర్భాలున్నాయి. కానీ ఆ కుర్రాడి మీద కేసు పెడితే నిలబడే సంస్థ ఉండదు, అక్రిడిటేషన్ (విలేకరిగా ప్రభుత్వ గుర్తింపు) ఉండదు, వచ్చే నెల ఆదాయం ఎంతో అతనికే తెలియదు. సొంత ఛానెల్ పెట్టుకో అని చెప్పడం, మా ఇంట్లోకి రావద్దని మర్యాదగా చెప్పడమే. కెర్నర్ కమిషన్ అన్నదీ ఇదే: ఉన్న కొద్దిమందిలోనూ ఎక్కువమంది తమ సొంత సంస్థల్లోనే ఉన్నారని.

చట్టం వైపు చూస్తే, 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికలవాళ్లకే వర్తించేది. జీతాలు నిర్ణయించే వేజ్ బోర్డులూ వాళ్లకే. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో జర్నలిస్టు నిర్వచనంలోకి ఎలక్ట్రానిక్ మీడియా వచ్చింది. మంచిదే. అయితే నియామక పత్రమే లేనివాడు తాను ఉద్యోగినని ముందు నిరూపించుకోవాలి. కాబట్టి నేను అడిగేది మరింత దగ్గర్లో ఉన్న తలుపును. జిల్లా విలేకరులకు అక్రిడిటేషన్ ఇచ్చేది కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ. బస్సు పాసు మొదలు ఇళ్ల స్థలాల దరఖాస్తు వరకు ఆ కార్డు చుట్టూనే తిరుగుతాయి కనుక, ఛానెళ్లకు ఆ కార్డు జీతానికి బదులుగా పనికొస్తోంది. నియామక పత్రం, కనీస వేతనానికి తగ్గని నెలజీతం బ్యాంకు ఖాతాలో పడుతున్నట్టు రుజువు ఉంటేనే ఆ సంస్థ విలేకరికి కార్డు ఇస్తామనీ, ఆ పోస్టుకు బహిరంగ ప్రకటన ఇచ్చి పరీక్ష పెట్టినట్టు చూపాలనీ ప్రభుత్వం ఒక్క జీవో ఇస్తే, ఢిల్లీ మార్గదర్శకాలు మార్చకుండానే చాలా కదులుతుంది. ప్రభుత్వ ప్రకటనలు తీసుకునే ఛానెల్‌ను తన సిబ్బంది సామాజిక వివరాలు ఏటా వెల్లడించమని అడగడం కూడా అన్యాయమేమీ కాదు.

యూనియన్ మిత్రులకు ఈ మాట చెబితే, ఉన్న కార్డులు కూడా పోతాయి, ఛానెళ్లు జిల్లాకు ఇద్దరినే పెట్టుకుంటాయి అంటారు. పెట్టుకోనివ్వండి. మండలానికొక లోగో తగిలించి వాళ్ల చేత యాడ్లు తెప్పించుకునే బదులు, జిల్లాకు ఇద్దరికి జీతమిచ్చి పరీక్షలో నెగ్గినవాళ్లను తీసుకుంటే, ఆ ఇద్దరిలో ఒకరు దళితవాడ నుంచో యానాది కాలనీ నుంచో వచ్చే అవకాశం ఇప్పుడున్న అంతమందిలో వచ్చే అవకాశం కంటే ఎక్కువేనని నా అంచనా. జీతం ఉన్న ఇద్దరు డెస్కు నుంచి ఫోను వచ్చినప్పుడు "డీఎస్పీ బైట్ వస్తుందిలే సార్, ముందు ఆసుపత్రిది వేయండి" అని కనీసం ఒకసారి అనగలరు. వార్తకు ఇంత లెక్కన బతికేవాడు అనలేడు.